ఇది హీరోల కారవాన్ కాదు

నేనుండేది కారవాన్‌లో అని ఫోన్‌లో చెప్పడమే తప్పయింది. సినిమా షూటింగుల్లో హీరోలు మేకప్ వేసుకునే బండిని కూడా కారవానే అంటారని నాకు తట్టలేదు. మా ఆవిడ వాసంతికి మాత్రం అదొక్కటే తట్టింది.

నాది కారు వెనక కట్టి లాగే చక్రాల డబ్బా. దుబాయ్ దాటి రస్ అల్ ఖైమాలో, జెబెల్ జైస్ కొండ మీద, కంపెనీ సామాను పక్కన దాన్ని నిలబెట్టి నన్ను కాపలా పెట్టారు. మంచం, పొయ్యి, బతుకు అన్నీ అందులోనే. దుబాయ్ అంటే ఎండే అనుకునేవాళ్లు జనవరిలో ఇక్కడొకసారి పడుకోవాలి. గాలి కొడితే డబ్బా ఊగుతుంది. కిటికీ మూస్తే అన్నం వండిన ఆవిరి కప్పుకు పట్టి, చల్లబడి, బొట్లు బొట్లుగా నా దుప్పటి మీదే రాలుతుంది. తెరిస్తే వానే లోపలికొస్తుంది. రెండు చలికాలాలు దగ్గుతూ గడిపాను.

మూడోది నావల్ల కాదని మా ముదీర్‌ను, అంటే మేనేజరు ఆసిమ్‌ను, బతిమాలాను. కింద సజ్జాలో, కూలీల క్యాంపులో, గోడలున్న గదిలో, ఒక మంచం ఖాళీగా ఉంది.

"కొండ మీదికి ఇంకో మనిషిని చూపించు, ఆ మంచం నీదే" అన్నాడు.

ఎవడొస్తాడు? చూడ్డానికొచ్చిన ప్రతివాడూ వచ్చిన కారులోనే కొండ దిగి వెళ్లిపోయాడు.

అప్పుడే వాసంతి ఫోన్ చేసింది.

"ఏందయ్యా, కారవాన్ల నువ్వొక్కనివే ఉంటవా? మా దేవేందర్‌ను పిలిపియ్యరాదు?"

"అది సినిమా కారవాన్ గాదే! చలికి సస్తున్న."

"ఏసీ ఎక్కువ పెట్టుకుంటున్నవేమో. తగ్గించుకో."

కొండ మీదికి మనిషి దొరికాడు. ఆసిమ్‌కు నా బామ్మర్ది పేరిచ్చాను.

దేవేందర్ జనవరిలో దిగాడు. పొట్టి చేతుల చొక్కా, నల్ల కళ్లద్దాలు. ఆసిమే కారులో తెచ్చి దింపి, "వీడికి పని నేర్పు. శుక్రవారం వచ్చి నిన్ను తీసుకుపోతా" అన్నాడు.

"బావా, కారవాన్ ఏది?"

"నువ్వు చెయ్యి పెట్టింది దానిమీదనే."

"అద్దం సుట్టు బల్బులుండయా?"

"నీకు మేకప్ ఏసేటోళ్లు రేపొస్తరు. ముందుగాల ఆ బకెట్ అందుకో."

బుధవారం మధ్యాహ్నం వడగళ్లు పడ్డాయి. కప్పు మీది గాలి కిటికీ మూత లేచి కొట్టుకోసాగింది. మంచమెక్కి దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాను.

"తాడు తేరా!"

"కాళ్లు వస్తలేవు బావా. ఇది దుబాయా, కశ్మీరా?"

నా దుప్పట్లన్నీ వాడి మీదే ఉన్నాయి. చివరికి నేనే దిగి, తాడు వెతుక్కుని, వడగళ్లలో పైకెక్కి మూత కట్టాను. తడిసి ముద్దయింది నేను. తుమ్మింది వాడు.

శుక్రవారం ఆసిమ్ వచ్చేసరికి నా సంచి తలుపు దగ్గర సిద్ధంగా ఉంది. దేవేందర్ పళ్లు టకటకలాడిస్తూ, "భాయ్, మై మర్ జాతా" అని వచ్చీరాని హిందీలో చచ్చిపోతానన్నాడు. ఆసిమ్ వాడి నుదురు పట్టి చూశాడు.

"కొత్తవాడు. ఏమన్నా అయితే వీసా ఇచ్చిన కఫీల్ నన్ను బతకనివ్వడు. వీణ్ణి సజ్జాలో పడుకోబెడతా. నీకు అలవాటే కదా, లచ్చన్న భాయ్."

"ఆ మంచం నాది, ఆసిమ్ భాయ్."

"ఉన్నది ఒక్కటే. ఖలాస్."

నేను గట్టిగా దగ్గి చూపించాను.

"నీది పాత దగ్గే కదా" అని, వాడి వైపు తిరిగి, "యల్లా, ఎక్కు" అన్నాడు.

ఇందాకటిదాకా కాళ్లు రానివాడు గబగబా లేచాడు. దుప్పట్లలో పొడిగా ఉన్న ఒక్కటీ చంకలో పెట్టుకుని బయటికెళ్లి, కళ్లద్దాలు పెట్టుకుని, డబ్బాకు ఆనుకుని నిలబడ్డాడు.

"బావా, ఒక్క ఫోటో దియ్యి. కొండ గూడ పడాలె."

తీశాను. ఎందుకు తీశానో ఇప్పటికీ అర్థం కాదు.

సాయంత్రం వాసంతి ఫోన్.

"ఫోటో ఊరంత సూసిన్రు. మా తమ్మునిది ఎంత మంచి మనసయ్యా! నీకు ఇరుకైతదని కారవాన్ మొత్తం నీకే ఇడిసిపెట్టి, తను గదిలకు పోయిండంట."

కప్పు నుంచి ఒక బొట్టు నా మెడ మీద పడింది.



"ఆగు, ఏసీ తగ్గించొస్త" అని ఫోన్ పక్కన పెట్టి, బకెట్ మంచం మీదికి జరిపాను.