బయమ్మ నిచ్చెన

వాన వెలిసి చాలాసేపయినా వంటింట్లో మాత్రం ఇంకా కురుస్తానే ఉంది. వనజాక్షి పొయ్యి పక్కన ఒక గిన్నె, బియ్యం డబ్బా మీద ఒక సత్తు తట్ట, గడప దగ్గర బక్కెట్టు పెట్టింది. బక్కెట్టు నిండితే ఎత్తి బయట పారబోసి, మళ్ళీ తెచ్చి అదే చోట పెట్టింది. వానే కరువైన సీమలో వాన కోసం ఎదురుచూసి, తీరా వచ్చినాక దాన్ని ఎత్తిపోసుకునే రాత ఈ కొత్తింటితోనే వచ్చింది.

"ఏమే, ఓబిలేషు వచ్చినాడు. టీ పెట్టు," అని ముందరి గదిలోంచి మొగుడు జయరాముడు కేకేసినాడు.

ఓబిలేషు ఈ ఇల్లు కట్టిన కాంట్రాక్టరు, జయరాముడి మేనమామ కొడుకు. గార్లదిన్నె చుట్టుపక్కల పల్లెల్లో కొత్తిండ్లు సగం అతని చేతి మీదే లేచినాయి. వనజాక్షిని అక్కా అంటాడు, మర్యాదకేం తక్కువ లేదు. కానీ ఆమె ఏదడిగినా జవాబు మాత్రం బావ మొహం చూసి చెప్తాడు. వంటింటి కిటికీ చిన్నదైపోయిందని ఆమె అంటే, గాలి బాగానే వస్తాది బావా అన్నాడు. తలుపు పట్టేస్తాండాదని ఆమె అంటే, కొత్త చెక్క గదా బావా అన్నాడు. మొదటి వానకే ఇల్లు కారినప్పుడు కింద నిలబడి మరకను చూసి, "స్లాబుకు నీళ్ళు సరింగా పట్టలేదు బావా. ఆడోళ్ళకు వదిలేస్తే ఇంతే," అని చెప్పి టీ తాగి పోయినాడు.

జయరాముడు అన్నం తింటా, "ఇంకో నాలుగు బిందెలు ఎక్కువ పోసింటే నీ సొమ్మేం పోయేది?" అన్నాడు. స్లాబుకు నీళ్ళు పట్టింది వనజాక్షే. ట్యాంకరు నీళ్ళు తొట్టికి పట్టి, బిందె చంకన పెట్టుకుని నిచ్చెనెక్కి, పైన మట్టితో కట్టిన మడులన్నీ నింపింది. స్నానానికి నీళ్ళు లేని రోజు కూడా స్లాబును ఎండనియ్యలేదు. ఆమె నీళ్ళు మోసేటప్పుడు ఎవరూ చూడలేదు. మొయ్యలేదని మాత్రం ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది.

పాత ఇల్లు చవుడు మిద్దె. మట్టి గోడలు, కట్టె దంతెలు, పైన చవుడు మన్ను. ప్రతి ఏడూ వానలకు ముందు వంక గట్టు నుంచి చవుడు తవ్వి తెచ్చి, మిద్దె మీద పరిచి, తడిపి, గట్టిపడేదాకా దిమ్మిసతో కొట్టాల. ఆ ఇంట్లో అది ఆడోళ్ళ పని. కొత్త కోడలుగా వచ్చిన ఏడు, అత్త బయమ్మ ఆమె నెత్తిన గంప పెట్టి వెదురు నిచ్చెన ఎక్కించింది. పని అయిపోయి వనజాక్షి దిగబోతే, బయమ్మ ఆ నిచ్చెనను పైకి లాగి పక్కన పడుకోబెట్టింది. "కూర్చో. ఇంగ ఎవురు పిలిచినా మనం దిగలేము," అంది. కిందనుంచి మామ తాగేకి నీళ్ళడిగినాడు. నిచ్చెన పైనుండాది, ముంచుకోని తాగమని చెప్పింది బయమ్మ. ఆ మాట అనే అత్తను వనజాక్షి అంతవరకూ చూడలేదు. కింద ఉంటే బయమ్మ నోట్లోనుంచి వచ్చేది "ఏమే, ఇంగా కాలేదా?" అన్న మాటే. పైన మాత్రం "వనజా" అని పిలిచేది. వక్కాకు నములుతా కణేకల్లు దగ్గర తన పుట్టినూరి సంగతి చెప్పేది. కాలవ నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే చేపపిల్లలు వచ్చి వేళ్ళు కొరికేవంట. ఆ నీళ్ళ పక్క నుంచి లేపి ఈ ఎండిన ఊరికి ఇచ్చిన నాయన మీద ఆమెకు ముసలితనంలోనూ కోపం పోలేదు. చెప్పి చెప్పి ఊరుకునేది. ఇద్దరూ ఎర్ర చేన్ల మీద పొద్దు వంగేదాకా అట్లే కూర్చునేవాళ్ళు. పెండ్లయిన ఇన్నేండ్లలో వనజాక్షి ఊరికే కూర్చున్న చోటు ఏదంటే ఆ మిద్దె ఒక్కటే.

బయమ్మ పోయింది. మిద్దె పడగొట్టినారు. కొత్తింటికి వనజాక్షి అడిగింది ఒక్కటే, పైకి మెట్లు. సరేనన్నారు. గోడలు లేచినాక చూస్తే మెట్ల జాగాలో కారు నిలిపే చోటు వచ్చింది. వాళ్ళకు కారు లేదు. ఎప్పుడైనా కొంటారంట. చవుడు పోసే కాలం పోయింది, ఆడోళ్ళకు పైన ఏం పని బావా అన్నాడు ఓబిలేషు. బావ నవ్వినాడు.

టీ గ్లాసులు ఇస్తాంటే వాళ్ళ మాట చెవినపడింది. ఓబిలేషు వచ్చింది కారే ఇంటిని చూసేకి కాదు, బయమ్మ నిచ్చెన కోసం. వేరే ఊర్లో పనికి కావాలంట, ఆటో కూడా తెచ్చినాడు. తీసుకపో, ఊరికే పడుండాది అంటాండాడు జయరాముడు.

"వంటిల్లు చూసి పో ఓబిలేషూ," అంది వనజాక్షి.

పైకెక్కి చూడాల బావా, ఈసారి వచ్చినప్పుడు చూస్తా అన్నాడు ఓబిలేషు. నిచ్చెన ఎత్తుకపోయి పైకెట్లా ఎక్కుతావని ఆమె అడగలేదు. పెరట్లోకి పోయింది. నిచ్చెన గోడ పక్కన పడుకోబెట్టి ఉంది. బయమ్మ చెయ్యి పట్టిన చోట వెదురు ఇంకా నున్నగానే ఉంది. దాన్ని లేపి గోడకు ఆనించి, చీర కుచ్చెళ్ళు ఎగ్గట్టి, ఒక్కొక్క మెట్టే ఎక్కింది.

వాన నీళ్ళు సరిగ్గా వంటింటి నెత్తిన మడుగు కట్టినాయి. నీళ్ళు పోవాల్సిన గొట్టం అవతలి మూలన ఎత్తులో, ఎండి ఉంది. ఆమె మడుగులో నిలబడింది. నీళ్ళు చీలమండల దాకా వచ్చినాయి. చల్లగా ఉన్నాయి. బయమ్మ కాలవ గుర్తొచ్చింది. తర్వాత ఆమె వంగి, నిచ్చెనను పైకి లాక్కుంది.

నిచ్చెన కోసం పెరట్లోకి వచ్చిన మగవాళ్ళిద్దరూ తలలెత్తి చూసినారు.

"ఏమే, దిగు. జనాలు చూస్తాండారు," అన్నాడు జయరాముడు.

ఆమె నిచ్చెనను పక్కన పడుకోబెట్టింది. ఆటో డ్రైవరు నవ్వు ఆపుకుంటా గోడ చాటుకు పోయినాడు. ఓబిలేషు పక్క సందుల్లో తిరిగి వచ్చినాడు. ఎవరింట్లోనూ నిచ్చెన లేదు. అందరికీ మెట్లుండాయి. పొద్దు నెత్తి మీదికొచ్చింది. జయరాముడికి ఆకలైంది.

"వనజాక్షీ," అన్నాడు. ఆ నోట తన పేరు విని ఎన్నేండ్లయిందో ఆమెకు గుర్తు రాలేదు. "దిగి రా. అన్నం పెట్టు."

"సంగటి కుండలో ఉండాది. పెట్టుకోని తినండి." పిట్టగోడ మీద చేతులానించి ఆమె ఓబిలేషు వైపు చూసింది. "నేను పోసిన నీళ్ళేమో చాల్లేదంటివి. దేవుడు పోసినవి ఈడ నిలబడి ఉండాయి. గొట్టమేమో ఆ పక్కనుండాది. నీళ్ళు జారే వాటం ఎవరు పెట్టినారు?"

ఓబిలేషు అలవాటుగా బావ వైపు తిరిగినాడు. బావ గోడ వైపు చూస్తాండాడు.

"సరి చేపిస్తాలే. నిచ్చెన దించక్కా."

"నిచ్చెన దించేది లేదు. మెట్లు కట్టు. వాటి మీదే దిగుతా."

చెప్పి, నిచ్చెన పక్కన కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకుంది. చేన్ల మీద వాన తడి ఎండకు పొగలాగా లేస్తాంది.  కిందనుంచి ఓబిలేషు గొంతు వినిపించింది. ఈసారి ఆ మాటలో బావ లేడు.

"మెట్లు యాడ పెట్టమంటావక్కా?"