అరగంట ముందున్న గడియారం

మా అత్తయ్య పొద్దున్నే పోయింది. నిన్న సాయంత్రం కూడా కుట్టుమిషను ముందు కూర్చుని, అద్దాలు లేకుండా తనే సూదికి దారం ఎక్కించుకుంది. మా అమ్మాయి ఆరోగ్య కేంద్రంలో నర్సు. పోయాక కళ్లు దానం ఇవ్వండని ఊరంతా తిరిగితే సంతకం పెట్టింది వాళ్ల నానమ్మ ఒక్కతే.

అమ్మాయి సెల్లులో టైము చూసి, ఐదూ పదికి పోయిందని చీటీ రాసి గోడ గడియారం కింద అంటించింది. పట్నంలో కళ్ల బ్యాంకుకు ఫోను చేసి, నాకు జాగ్రత్తలు చెప్పింది.

"పోయిన ఆరు గంటల్లోపు కళ్లు తీయాలమ్మా. తల కింద రెండు దిళ్లు పెట్టు. ఫ్యాను వేయకు. కళ్ల మీద తడి దూది ఆరనీయకు."

తను వాళ్ల వ్యానుకు ఎదురెళ్లింది. నేను దూది తడుపుతూ కూర్చున్నాను. ముఖం మీద గుంతలు పడితే? నానమ్మ కళ్లు పీకించిందని రేపు నా పిల్లను ఎవరైనా గడప తొక్కనిస్తారా?

మా ఆడపడుచు వచ్చి, ఏడ్చి ఏడ్చి, ఉక్కపోతకు ఫ్యాను వేసింది. పరుగెత్తి ఆపేశాను.

"పోయిన మనిషికి గాలి కూడా కరువేనా వదినా?"

"అది కాదమ్మా, కళ్లు ఆరిపోతాయట."

"కళ్లు లేకుండా మా అమ్మ పైన దారెలా చూసుకుంటుంది? నువ్వెళ్లి చెయ్యి పట్టుకుంటావా?"

బయట వ్యాను ఆగింది. ఆడపడుచు చీటీ చూసింది, గోడ గడియారం చూసింది. పదకొండూ ఇరవై.

"ఆరు గంటలు దాటిపోయాయి. వెనక్కి పొమ్మని చెప్పు, పీడా పోతుంది."

ఊ అంటే చాలు, నా గుబులంతా తీరిపోతుంది. గుమ్మం దాకా వెళ్లాను కూడా. మిషను మీద సగం కుట్టిన జాకెట్టు, సూదికి అత్తయ్య ఎక్కించిన దారం.

"దాటలేదమ్మా," అన్నాను. "ఆ గడియారం అరగంట ముందుంది. పిల్లకు బస్సు తప్పిపోతుందేమోనని నేనే తిప్పాను."

"నీ భయం తగలెయ్య!" అంది ఆడపడుచు. అమ్మాయి తెచ్చిన కాగితం మీద తల్లి సంతకాన్ని వేలితో తడిమి, పక్కకు జరిగింది.

పావుగంటలో పని అయిపోయింది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ఆడపడుచే నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. గుంతల్లేవు. మధ్యాహ్నం కునుకు తీస్తున్నట్టే ఉంది అత్తయ్య.

కళ్లున్న చిన్న డబ్బా వ్యానెక్కింది. నేను వెనకే పరుగెత్తాను.

"బాబూ, ఐసు సరిపోతుందా? మలుపు దగ్గర గుంతలున్నాయి, మెల్లగా పొమ్మను!"