మూడో పిలుపు

ఆర్లిస్ స్కోగెన్‌కు అన్యాయం జరిగింది 1986 జూన్ ఎనిమిదో తారీకున, ఆదివారం, భోజనాల వేళ దాటాక. చేసింది పరాయివాళ్లు కాదు, సొంత చెల్లెలు రెనే. అక్కను రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలవలేదు.

ఇదీ ఒక నేరమేనా అని అడిగేవాళ్లు డకోటా పడమటి అంచున పుట్టనివాళ్లు. నార్వే నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డవాళ్ల ఇళ్లలో ఎవరైనా కాఫీ ఇస్తామంటే మొదటిసారి "వద్దులెండి" అనాలి. రెండోసారి "మీకెందుకు శ్రమ" అనాలి. మూడోసారి "సరే, అరకప్పు" అని నిండు కప్పు తాగాలి. మొదటి మాటకే చెయ్యి చాచినవాడు ఆబగాడు, రెండింటితో ఆపేసినవాడు పిసినారి. మూడుసార్లూ కాదన్న మనిషిని మాత్రం ఇక జన్మలో అడగకూడదు. వాడు నిజంగానే వద్దన్నాడు.

ఆ అక్కాచెల్లెళ్లు రెండు చలికాలాలు వంటింటి బల్ల మీద పటం పరచుకుని దారి గీసుకున్నారు. చెడ్డనేలలని పిలిచే మట్టికొండలు దాటి, మోంటానా గడ్డి మైదానాలు దాటి, కొండలదాకా సైకిళ్ల మీద. ఒకే దుకాణంలో ఒకే రంగు సైకిళ్లు కొన్నారు, ఆకుపచ్చవి. ఏప్రిల్‌లో తండ్రిని గుర్రం పడేసి తుంటి విరగ్గొట్టింది. అయినా ఆయనే వెళ్లండి వెళ్లండి అని పోరు పెట్టాడు. మేనత్త వచ్చి ఉంటానంది. ఆర్లిస్ సంచి సర్దుకుని గది తలుపు వెనక పెట్టుకుంది. ఇక కావలసింది మర్యాద ఒక్కటే.

"వస్తావా, ఆర్లీ?"

"నువ్వెళ్లు. నాన్నకు వంటెవరు చేస్తారు?"

"అత్త చేస్తుంది కదే. రా."

"వద్దులే. నాకేం అంత సరదా లేదు."

రెనే ఆమె మొహంకేసి కాసేపు చూసి, సైకిలెక్కి పోయింది. ఆర్లిస్ కిటికీ దగ్గర నిలబడింది. ఎర్రరాళ్ల రోడ్డు మీద దుమ్ము లేచింది, అణిగింది. అయినా చీకటి పడేదాకా అక్కడే నిలబడింది. పిలవని పేరంటానికి పరిగెత్తే ఆడది కాదు ఆమె.

ఆ తర్వాత ముప్పై ఎనిమిదేళ్లు. రెనే మోంటానాలో స్థిరపడి, ఏటా క్రిస్మస్‌కు కార్డు రాసేది: ఇక్కడ మంచు బాగా పడింది. ఆర్లిస్ జవాబు రాసేది: ఇక్కడ గాలి ఎక్కువ. తండ్రిని పూడ్చిన రోజున ఒకే బల్ల దగ్గర కూర్చుని బంగాళదుంపల గిన్నె ఒకరికొకరు అందించుకున్నారు. అంతే. ఎవరి కోపం వాళ్ల దగ్గర భద్రంగా ఉండిపోయింది.

వాళ్ల ఊరు టోర్స్‌డాల్‌లో ఇప్పుడు మిగిలింది పదకొండు మంది. మూతబడ్డ బడి తాళంచెవి ఆర్లిస్ దగ్గరుంటుంది. ఎండాకాలంలో సైకిళ్ల మీద దేశం ఒక కొస నుంచి మరో కొసకు దాటేవాళ్లకు అందులో పడక ఇస్తుంది, పంపునీళ్లు చూపిస్తుంది, వంకరపోయిన చక్రాలు సరిచేస్తుంది. వచ్చిన ప్రతివాడికీ చెప్పే బుద్ధి ఒకటే: "వాన పడితే ఆగు. ఆ బంకమట్టి చక్రాన్ని పట్టుకుందంటే వదలదు. వీరుడివైతే గడ్డిలో కూర్చుని చూపించు." తన ఆకుపచ్చ సైకిల్‌కు ఏడాదికోసారి నూనె పెడుతుంది. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగితే తిట్లు తినాలని పదకొండుమందికీ తెలుసు.

ఆ నేలకు చెడ్డనేల అని పేరు పెట్టినవాడు దాన్ని దాటిపోయినవాడే అయ్యుంటాడు, అక్కడ ఆగినవాడు కాడు. చారలు చారలుగా కోసుకుపోయిన ఆ మట్టికొండల్లో అరిచిన మాట తిరిగొస్తుంది గానీ, ఎప్పుడొస్తుందన్నది కొండల ఇష్టం. 1951లో ఎమిల్ వోలెన్ ఆవుల్ని పిలిచిన కేక ఇప్పటికీ ఆగస్టులో వస్తుంది, ఈనాటి ఆవులు కూడా తలెత్తి చూస్తాయి. ఒకాయన అత్తగారిని తిట్టిన తిట్టు ఇరవై ఏళ్లకు, సరిగ్గా ఆవిడ అంత్యక్రియల్లో, పాదిరి ప్రార్థన మధ్యలో వచ్చి పడింది. ఆయన టోపీ దించుకున్నాడు, పాదిరి ప్రార్థన కొనసాగించాడు. తండ్రి పోయిన ఆరేళ్లకు ఒక సాయంత్రం "ఆర్లీ, గేటు వేశావా?" అని వినిపిస్తే, ఆర్లిస్ చేతులు తుడుచుకుని వెళ్లి గేటు చూసొచ్చింది. వేసే ఉంది.

జూన్‌లో ఒక శనివారం మధ్యాహ్నం వెండెల్ అనే ఆయన చువ్వ విరిగిన చక్రంతో వచ్చాడు. మిన్నెసోటాలో పోస్ట్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఇళ్ల గుమ్మాల్లో ముప్పై ఏళ్లు నిలబడ్డ మనిషి, కబుర్లకు కొదవలేదు.

"మోంటానాలో బేకర్ ఊరి దగ్గర ఒకావిడ కలిసిందండి. ఆకుపచ్చ సైకిల్, పాతది. మోకాళ్లు రెండూ మార్పించుకుందట. ఇదే ఆఖరి యాత్ర, ఇంటికెళ్లి సైకిల్ అమ్మేస్తానంది. పుట్టింది ఈ ఊళ్లోనేనట."

ఆర్లిస్ చువ్వ బిగిస్తోంది. తలెత్తలేదు.

"ఈ రాత్రికి మార్మార్త్ ఊళ్లో ఉండి, రేపు పన్నెండింటికల్లా దక్షిణానికి మళ్లిపోతుందట. ఇరవై రెండు మైళ్ల దూరానికొచ్చి మీవాళ్లను చూడరా అన్నాను. 'మూడుసార్లు పిలిచాను, చాలు' అంది."

చువ్వ టింగుమంది. అంత బిగించక్కర్లేదు.

"దానికి చిన్నప్పట్నుంచీ లెక్కలు రావు," అంది ఆర్లిస్.

మర్నాడు ఉదయం ఏడున్నరకు ఆమె చర్చికి తీసుకెళ్లాల్సిన తీపిరొట్టెల పళ్లెం పట్టుకుని వాకిట్లో నిలబడింది. పక్క పొలం క్లేటన్ రుస్టాడ్ ట్రక్కు వేసుకొచ్చాడు. ప్రతి ఆదివారం అతనే తీసుకెళ్తాడు. గాలి పడిపోయింది. ఆ ప్రాంతంలో గాలి పడిపోవడం అంటే ఎవరో మాట్లాడబోతున్నారని.

పడమటి కొండల్లోంచి గొంతు వచ్చింది. ఇరవై ఒక్క ఏళ్ల గొంతు, పగుళ్లు లేనిది.

"ఆర్లీ... నీ సంచి తలుపు వెనకుంది, చూశాను. నాటకాలాపి రావే. వాగు దగ్గర కూర్చుంటా, పొద్దుగూకే దాకా. ఇది మూడోది, ఆర్లీ."

పళ్లెం చేతిలోనే ఉంది. క్లేటన్ టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

"అది నీకే," అన్నాడు.

"వినపడింది."

"రెనేకి గొంతు ఎప్పుడూ పెద్దదే. ఆ రోజు ఎదురుగాలి అయ్యుంటుంది."

ఆర్లిస్‌కు ఆ రోజు గాలి గుర్తుంది. ఇల్లు చేరకుండా మాటను వెనక్కి కొండల్లోకి తోసేసిన గాలి. తను కిటికీ దగ్గర నిలబడ్డంతసేపూ రెనే వాగు దగ్గర కూర్చుంది. మధ్యలో రెండు మైళ్లు. సూర్యుడు ఇద్దరికీ ఒక్కసారే అస్తమించాడు.

ఆమె పళ్లెం తీసి క్లేటన్ చేతుల్లో పెట్టి, కొట్టంలోకి వెళ్లి సైకిల్ తోసుకొచ్చింది.

"ట్రక్కులో దింపుతా, ఎక్కు."

"వద్దు."

"అటు మబ్బు చూడు. ఎక్కు."

"వద్దు, క్లేటన్."

మనిషి మర్యాదస్తుడు, మూడోసారీ అడిగాడు.

"వద్దు. నిజంగానే వద్దు. ట్రక్కులో వెళ్తే చూడ్డానికి వెళ్లినట్టు. పిలిచింది అందుకు కాదు."

"చర్చిలో అడిగితే ఏం చెప్పను?"

"రొట్టెలు పెట్టు. నోళ్లు మూసుకుంటాయి."

అరవై రెండేళ్ల ఒంటికి మొదటి మైలు శిక్ష. రెండో మైలుకి కాళ్లకు పాతికేళ్ల వయసునాటి బుద్ధి గుర్తొచ్చింది. రోడ్డు పక్క కంచె కొయ్యల మీద పసుపు గుండెల పిట్టలు కూస్తున్నాయి, సేజ్ పొదల ఘాటు ముక్కుకి తగులుతోంది. వాగు దగ్గర బల్లపరుపు రాయి ఒకటుంది. ఆమె అక్కడికొచ్చేసరికి రాతి చుట్టూ మాటలు ఇంకా చల్లారకుండా తిరుగుతున్నాయి. "మొండి గాడిద," అంటోంది చిన్న రెనే, ఏడుపు ముక్కుతో. "పొగరుమోతు గాడిద. రా. వచ్చి చావు."

"నువ్వే గాడిదవి," అంది ఆర్లిస్, కళ్లు తుడుచుకోకుండా, తొక్కుతూనే.

మార్మార్త్ ఇంకా ఆరు మైళ్లుందనగా వాన పట్టుకుంది. పది నిమిషాల వాన. మట్టికి అది చాలు. వెనక చక్రం సగం తిరిగి ఆగిపోయింది, ముందుది అసలు తిరగలేదు. వచ్చిన ప్రతివాడికీ చెప్పిన బుద్ధి తనకు చెప్పుకోవడానికి ఆమెకు తీరిక లేదు. పుల్లతో మట్టి గీకింది, మళ్లీ పట్టింది. చివరికి సైకిల్ భుజాన వేసుకుని, గడ్డి అంచు పట్టుకుని నడిచింది. బూటు బూటుకీ ఒక్కో పొలం అంటుకుంది. తారు రోడ్డు ఎక్కేసరికి గంట పన్నెండు దాటింది.

మార్మార్త్‌లో యాత్రికులు దిగే పార్కులో ఎవరూ లేరు. డేరా వేసిన చోట గడ్డి ఇంకా నలిగి ఉంది. దక్షిణపు రోడ్డు మీద, రెండు గుట్టల అవతల, మైదానం మధ్య ఆకుపచ్చ చుక్క ఒకటి కదులుతోంది.

అరవడానికి ఆర్లిస్ నోరు తెరిచింది. మూసేసింది. ఈ కొండల చేతికి మాట అప్పగిస్తే ఎప్పుడు చేరుస్తాయో. ఇంకో ముప్పై ఎనిమిదేళ్లు ఎవరి దగ్గరున్నాయి?

తొక్కింది. చక్రాల నుంచి ఎండిన మట్టి పెళ్లలు పెళ్లలుగా ఊడి పడుతోంది. మొదటి గుట్ట ఎక్కింది, రెండోది దిగింది. కుక్కలా రొప్పుతోంది. మూడో మైలు దగ్గర, మోకాళ్లు రెండూ కొత్తవైన ఆడమనిషిని అందుకుని, పక్కనే తొక్కింది.

రెనే పక్కకు చూసింది. మొహమంతా మట్టి, తెల్లజుట్టు, నోరు తెరిచి ఊపిరి పీల్చుకుంటున్న అక్క. రెనే సైకిల్ కాస్త తూలి, సర్దుకుంది.

"పిలిస్తే వినపడలేదా ఇన్నాళ్లూ?"

"ఈ పొద్దున్న వినపడింది. ఏడున్నరకి."

రెనే వెనక్కి తిరిగి కొండలకేసి చూసింది. ఆ నేలలో పుట్టిన మనిషి, సందేహం ఏముంటుంది?

"కొండలు మింగేశాయన్నమాట," అంది.

"మింగలేదు. నెమరేశాయి."

"నేను అనుకున్నా, మూడోదానికీ నువ్వు కాదన్నావని. ఇక ఎలా అడగను?"

"నేనూ అనుకున్నా, నువ్వు రెంటితో ఆపేశావని. ఇక ఎలా రాను?"

"మనల్ని పెంచినవాళ్లను తన్నాలి."

"పోయారుగా." ఆర్లిస్ ఉమ్మేసి, మట్టి నోట్లోంచి పోయాక అంది, "సైకిల్ అమ్మేస్తావట."

"ఎవరు చెప్పారు?"

"పోస్ట్‌మన్."

"రిటైరయ్యాక కూడా ఉత్తరాలు పంచుతున్నాడా ముసలాడు." రెనే గేరు మార్చింది. "అమ్మనులే. సంచేది నీది?"

"తేలేదు."

"ముప్పై ఎనిమిదేళ్లు సర్దడానికి టైము సరిపోలేదా?"

"నీ చొక్కాలు నాకు పడతాయి. నోరు మూసుకుని తొక్కు."

ఆ సాయంత్రం పదిహేను మైళ్ల అవతల, పశువుల సంత పక్కన చిన్న మజిలీలో, ఒక్క డేరాలో ఇద్దరూ సర్దుకున్నారు. అక్కడ బస చేసేవాళ్లు పుస్తకంలో రాయాలి. రెనే రెండు పేర్లూ రాసింది. ఎక్కడి నుంచి అన్నచోట టోర్స్‌డాల్ అని రాసింది. ఎక్కడికి అన్నచోట తను పోదామనుకున్న బ్లాక్ హిల్స్ కొండల పేరు రాయబోతే, ఆర్లిస్ పెన్ను లాక్కుని "ఇంకా దూరం" అని రాసి, పక్క గడిలో తారీకు వేసింది: 2024 జూన్ 9, ఆదివారం.