ప్రసన్నలక్ష్మి కుడి భుజం

బట్టల దుకాణంలో "లేదు" అనే మాట వాడరు. గిరాకీ అడిగిన రంగు అల్మారాలో లేకపోతే "మాల్ తొవ్వల ఉన్నది, రేపొస్తది" అంటారు. ఇంట్లో బియ్యం అయిపోయినా "నిండుకున్నయి" అంటారే తప్ప లేవని అనరు. ప్రసన్నలక్ష్మి కోడలిగా వచ్చిన కొత్తలోనే అత్త లక్ష్మీబాయి ఈ సంగతి గట్టిగా చెప్పిపెట్టింది. బోణీ కాకముందు గల్లా దగ్గర ఎవరి నోటి నుంచైనా "లేదు" అని వస్తే ఆవిడ ఆ పూటంతా మాట్లాడేది కాదు. ఆవిడ పోయి చాలా కాలమైంది, ఆవిడ పెట్టిన కట్టుబాటు మాత్రం పోలేదు. చంద్రపూర్ గోల్ బజార్‌లోని ఆ దుకాణంలో కూర్చుని కూర్చుని ప్రసన్నలక్ష్మి లేదనడమే మరిచిపోయింది. దుకాణానికి అది బాగానే పనికొచ్చింది. ఒంటికే పనికి రాలేదు.

కుడి భుజం పట్టేసి ఏడాది దాటింది. చెయ్యి రొమ్ము దాకా లేచి అక్కడ ఆగిపోతుంది. షుగరున్న వాళ్లకు భుజం ఇలా బిగుసుకుపోవడం మామూలేననీ, రోజూ వ్యాయామం చెయ్యాలనీ, ఓపిక పట్టాలనీ ఎముకల డాక్టరు చెప్పాడు. మొదటిరోజు వ్యాయామానికే ఆమెకు చుక్కలు కనిపించాయి. మర్నాటి నుంచి మానేసింది. "చేస్తున్నవా?" అని భర్త రాజన్న అడిగితే "ఆఁ, చేస్తున్న" అంది.

చెయ్యి లేవకపోతే పై అరలోని తానులు అందవు. అది పెద్ద బాధ కాదు, తీసిచ్చేందుకు పనివాళ్లున్నారు. అసలు బాధ జాకెట్టు హుక్కులూ, కొప్పూ. ఆ రెండూ కోడలు అనూష చేసేది. పొద్దున్నే అత్త వెనక నిలబడి హుక్కులు పెట్టి, తల దువ్వి, కొప్పు చుట్టి పిన్నులు గుచ్చేది. ఆ పిల్లకిప్పుడు ఏడో నెల. కాళ్లు నీరు పట్టి ఉబ్బాయి. బల్లార్‌పూర్‌లో తల్లి రోజుకోసారి ఫోను చేసి, పురిటికి ఎప్పుడు పంపుతారని అడుగుతోంది. "అత్తమ్మా, మీ చెయ్యి మంచిగయ్యేదాంక నేను పోను. మీకెవరు చేస్తరు?" అని అనూష మొండికేసింది. మొదటి కాన్పు పిల్ల తన భుజం కోసం పుట్టింటికి పోకుండా ఆగిపోవడం ప్రసన్నలక్ష్మి భరించలేకపోయింది. ఆ పిల్ల బండెక్కేలోపు ఈ చెయ్యి లేచి తీరాలి. అందుకే, ఎవరో చెబితే, సూదుల డాక్టరు దగ్గరికి బయల్దేరింది.

డాక్టరు మధుకర్ మరాఠీ ఆయన. మెల్లగా మాట్లాడతాడు. కొత్తగా వచ్చిన ప్రతి మనిషికీ ఆక్యుపంక్చర్ అంటే ఏమిటో ముందుగా కూర్చోబెట్టి చెబుతాడు. ఖాళీ కడుపుతో రాకూడదు. వేసుకునే గోళీలన్నీ చెప్పాలి, ముఖ్యంగా రక్తం పలచబడేవి. సూదులు వెంట్రుకంత సన్నం, ఒకరికి వాడినవి ఇంకొకరికి వాడరు. గుచ్చినచోట బరువుగా, కొంచెం లాగినట్టు ఉంటుంది. కరెంటు కొట్టినట్టయితే వెంటనే చెప్పాలి. ఒక్కరోజులో తగ్గదు, కొందరికి అసలే తగ్గదు. ఇవన్నీ అయ్యాక, పెద్దామెను మరాఠీ వరసలో పిన్నీ అన్నట్టు పిలిచి, ఇంకో మాట చెప్పాడు. "కాకూ, ఎట్లా ఉంటే అట్లా చెప్పండి. మీ లోపలి నొప్పి నాకు కనపడదు. మీరు చెప్పేదాన్ని బట్టే తర్వాతి సూది ఎక్కడ పెట్టాలో నేను చూసుకుంటాను."

ప్రసన్నలక్ష్మి అన్నిటికీ తలూపింది. ఆ రోజు శనివారం, ఆమెకు ఒక్కపొద్దు. తిని వచ్చారా అని డాక్టరు అడిగితే "హో", తిన్నానంది. నాలుగు సూదులు పడ్డాయో లేదో కళ్లు తిరిగి చెమటలు పట్టాయి. ఆయన సూదులు తీసేసి, పడుకోబెట్టి, చక్కెర నీళ్లు తాగించాడు. ఎండకు అలా అయిందని ఆమె చెప్పింది. చంద్రపూర్‌లో ఆ మాట ఎవరైనా నమ్ముతారు.

ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా ఇదే వరస. "బరం వాటతయ్ కా, కాకూ?" అని ఆయన అడిగేవాడు, బాగనిపిస్తోందా అని. "హో, బరం ఆహే," బాగుంది అని ఆమె అనేది. చెయ్యి లేపి చూపించమంటే నడుము పక్కకు వంచి, భుజాన్ని చెవి దాకా ఎగరేసి, కొంగు చాటున ఎలాగో పైకెత్తినట్టు చూపించేది. వయసులో పెద్దామె, నవ్వుతూ చూపిస్తోంది, బయట ఇంకా చాలామంది కూర్చున్నారు. ఆయన సంతోషించి వదిలేసేవాడు.

పూర్తి అబద్ధమూ కాదది. బల్ల మీద పడుకోవడం ఆమెకు నిజంగానే బాగుండేది. సూదులు పెట్టి, తెర లాగి, ఆయన వెళ్లిపోయేవాడు. కదలకూడదు. ఎవరూ వచ్చి ఏమీ అడగకూడదు. ఫ్యాను తిరుగుతుంటే ఆమెకు నిద్ర పట్టేది. ఇన్నేళ్ల సంసారంలో పగటిపూట అలా ఎవరి కేకలూ వినపడకుండా పడుకున్న గుర్తు ఆమెకు లేదు. ఆమె అలసిపోయి ఉంది. ఎంత అలసిపోయిందో ఆ బల్ల మీద పడుకున్నాకే ఆమెకు తెలిసింది. లేచేటప్పుడు భుజం ఎప్పటిలాగే సలిపేది. అయినా బాగుందనే చెప్పి చెప్పులు తొడుక్కునేది.

ఇంట్లోనూ బాగుందనే చెప్పింది. ముందువైపు హుక్కులుండే జాకెట్లు కుట్టించుకుంది. జుట్టును ఎడమ చేత్తో ముడిచి క్లిప్పు పెట్టుకుని "ఎండలకు గిట్లనే సల్లగుంటదే" అని కోడలితో అంది. అనూష నమ్మింది. గురువారం వాళ్ల అన్న వచ్చి తీసుకెళ్లేటట్టు మాటైపోయింది. రాజన్న ఇంకా ఎక్కువ నమ్మాడు. దుకాణానికి వచ్చినవాళ్లందరికీ "మా ఇంటామెకు సూదులతోని చెయ్యి లేచింది" అని చాటింపు వేశాడు.

అలా చాటుతున్న రోజుల్లోనే జివతి వైపు నుంచి మల్లమ్మ వచ్చింది. గుట్టల మీద పత్తీ జొన్నా పండించుకునే మనిషి. ఇంట్లో శుభకార్యమైతే బట్టలు ఈ దుకాణంలోనే కొంటుంది. కానీ దుకాణదారు నోటిమాట మీద ఆమె ఎన్నడూ ఏదీ కొనలేదు. గుడ్డ అంచు రెండు చేతులా పట్టి గుంజి చూస్తుంది. కొస తడిపి తెల్లగుడ్డ మీద రుద్ది, రంగు పోతుందేమో చూస్తుంది. అట్లాంటి మల్లమ్మ ఈసారి చీర గుంజబోయి "అబ్బా" అని ఎడమ భుజం పట్టుకుంది.

"సూదుల డాక్టరు దగ్గరికి పో మల్లమ్మా. మా ఆమెను అడుగు," అన్నాడు రాజన్న.

మల్లమ్మ ఇటు తిరిగింది. "నిజమేనా సావుకారమ్మా?"

గల్లా దగ్గర భర్త ఉన్నాడు. గడపలో అనూష టీ గ్లాసులు పట్టుకుని నిలబడింది. "మంచిగైంది మల్లమ్మా," అంది ప్రసన్నలక్ష్మి.

"గట్లయితే నన్ను గూడ తోల్కపో. నాకు మరాఠీ బజారు మందమే వస్తది, డాక్టరుతోని మాట్లాడరాదు."

ఆటోలో పోతున్నంతసేపూ ప్రసన్నలక్ష్మి ఒకటే లెక్క వేసుకుంది. పక్కనున్న మనిషి కొండల మీది నుంచి బస్సులు మారి, చేలో పని రోజులు పోగొట్టుకుని వారం వారం వస్తుంది, తన ఒక్క మాట మీద. తన ఇంటివాళ్లకు చెప్పుకున్నదొక ఎత్తు, ఇదొక ఎత్తు. చెబుదామని రెండుసార్లు గొంతు సవరించుకుంది. రెండుసార్లూ మల్లమ్మ పత్తి ధర గురించి మాట్లాడుతూనే ఉంది.

డాక్టరు మల్లమ్మను కూర్చోబెట్టి ఎప్పటి మాటలు మొదలుపెట్టాడు. ప్రసన్నలక్ష్మి తెలుగులో చెబుతూ పోయింది. ఖాళీ కడుపుతో రావద్దంటే "జొన్నరొట్టె తినే వచ్చిన" అంది మల్లమ్మ. గోళీల సంగతి అడిగితే కొంగుముడి విప్పి బీపీ గోళీలు బల్ల మీద పెట్టింది. కొందరికి అసలే తగ్గదట అంటే డాక్టరు మొహంలోకి చూసి "ఈయన నిజం మాట్లాడే మనిషే" అని మెచ్చుకుంది.

చివరి మాట వచ్చింది. ఎట్లా ఉంటే అట్లా చెప్పాలి. ఆ మాటను ప్రసన్నలక్ష్మి పూర్తిగా తెలుగులోకి తేలేదు. "ఏమన్న ఉంటే చెప్పాలెనట," అని కుదించేసింది.

"నీకెంత తగ్గింది? ఏదీ, లేపు చూస్త," అంది మల్లమ్మ.

డాక్టరుకు ఆ మాత్రం తెలుగు అర్థమైంది. "చూపించండి కాకూ," అన్నాడు నవ్వుతూ.

ప్రసన్నలక్ష్మి నడుము పక్కకు వంచింది. భుజం ఎగరేసింది. కొంగు పైకి లేచింది.

"గట్ల కాదు. నడుము వంచకుండ," అంటూ మల్లమ్మ లేచి వెనక్కి వచ్చింది. నొప్పి చెయ్యి ఆమె వీపు మీద ఆనించి, మంచి చేత్తో మణికట్టు పట్టుకుంది, అచ్చం గుడ్డ పట్టుకున్నట్టే. చెయ్యి రొమ్ము దాకా వచ్చి ఆగిపోయింది. మల్లమ్మ ఇంకొంచెం లేపింది.

ప్రసన్నలక్ష్మి కెవ్వుమంది. ఆ విదిలింపుకు క్లిప్పు ఊడి కింద పడి, జుట్టంతా మొహం మీదికి వచ్చింది. బయట బెంచీ మీదివాళ్లు తెర వైపు తిరిగి చూశారు. డాక్టరు కుర్చీలోంచి లేచాడు.

"తగ్గలేదు," అంది ప్రసన్నలక్ష్మి. ఆ మాట తన నోటి నుంచే వచ్చిందా అన్నట్టు ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఆగలేదు. "తగ్గలేదు మల్లమ్మా. ఒక్కనాడు గూడ తగ్గలేదు. రాత్రి ఆ పక్కకు ఒత్తిగిలి పండుకోరాదు. నెత్తి దువ్వుకోరాదు. నువ్వు నా మాట మీద రావొద్దు." అదే మరాఠీలో డాక్టరుకు కూడా చెప్పింది. చెబుతూ ఏడ్చింది. దుకాణంలో కూర్చునే మనిషికి పదిమందిలో ఏడవడం ఎంత నామోషీయో ఆమెకు తెలుసు, కానీ అప్పుడది కూడా పట్టలేదు.

డాక్టరు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కోపం రాలేదు, మొహం మాత్రం చిన్నబోయింది. "మొదట్లోనే చెప్పి ఉంటే సూదుల చోటు మార్చేవాణ్ణి. మార్చినా తగ్గకపోతే ఎముకల డాక్టరు దగ్గరికే తిరిగి పంపేవాణ్ణి. కాలమంతా వృథా అయింది కాకూ. మీ తప్పొక్కటే కాదులెండి. బాగుందంటే నాకూ వినడానికి బాగుంది, నేనూ సరిగ్గా చూడలేదు. ఎందుకు చెప్పలేదు?"

"మీ మనసు ఎందుకు కష్టపెట్టాలని. ఇంత శ్రద్ధగా చేస్తున్నారు." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇక్కడ పడుకుంటే మాత్రం బాగుంటుంది డాక్టర్ సాబ్. అది అబద్ధం కాదు."

ఆయన స్టూలు ఇంకొంచెం దగ్గరికి జరుపుకున్నాడు. ఎముకల డాక్టరుకు చూపించి వ్యాయామం మళ్లీ మొదలుపెట్టాలనీ, నొప్పి ఓర్చుకోవడానికి సూదులు పనికొస్తాయేమో దానితో పాటే చూద్దామనీ, ఈసారి ప్రతిసారీ తానే చెయ్యి పట్టుకుని కొలుస్తాననీ చెప్పాడు.

మల్లమ్మ కింద పడ్డ క్లిప్పు తీసింది. ప్రసన్నలక్ష్మిని డాక్టరు కుర్చీలో కూర్చోబెట్టి, వేళ్లతోనే తల దువ్వి, నొప్పి లేని చేత్తో ఎక్కువా నొప్పి చేత్తో తక్కువా ఎలాగో కొప్పు చుట్టింది. "గురువారం నా కోడలు పోతది. ఇగ ఇది ఎవలు చేస్తరో," అంది ప్రసన్నలక్ష్మి మెల్లగా.

"నీ మొగడు తానుకు తాను చుట్టవెడ్తడు గద అక్కా. గీ మూరెడు జుట్టు చుట్టరాదా?"

సావుకారమ్మ అక్క అయిన సంగతి ఇద్దరూ పట్టించుకోలేదు. మల్లమ్మ వెళ్లి బల్ల మీద పడుకుంది. "నీకు తగ్గకుంటే నాకు తగ్గొద్దని ఉన్నదా? నాల్గు సార్లు చూస్త. గుణం కనవడకపోతే రాను, గా మాట ఆయనకు ఇప్పుడే చెప్పు." సూది పడ్డప్పుడల్లా "గుంజుతున్నది", "ఇది మొద్దుబారింది", "ఇదేం తెల్వలే" అని వీధి దాకా వినపడేటట్టు చెప్పింది. డాక్టరు ఒక్కోసారి సూది తీసి పక్కన పెట్టాడు. ప్రసన్నలక్ష్మి ఒక్క ముక్క కూడా కుదించకుండా మరాఠీలో చెప్పింది.

ఆ సాయంత్రం కోడలికి చెప్పడం అన్నిటికన్నా కష్టమైంది. అనూష ఏడ్చింది, పోనంది, ఇన్నాళ్లూ ఎందుకు దాచారని అలిగింది. "నువ్వు పో బిడ్డా. నా చెయ్యి మంచిగయ్యేదాంక నీ కడుపుల పిల్ల ఆగదు," అంది ప్రసన్నలక్ష్మి. రాజన్న గల్లా దగ్గరే కూర్చుండిపోయాడు. ఊరంతా చాటింది ఆయనే కదా. షటరు దించేటప్పుడు "నాతోనన్న చెప్పకపోతివి" అన్నాడు.

గురువారం అన్నతో కలిసి అనూష బల్లార్‌పూర్ బండెక్కింది. శుక్రవారం పొద్దున రాజన్న షటరు ఎత్తి, దీపం పెట్టి, అగరొత్తులు వెలిగించాడు. ఇంకా బోణీ కాలేదు. ప్రసన్నలక్ష్మి లోపలి అద్దం ముందు స్టూలు మీద కూర్చుంది. ఆయన వెనక నిలబడి, పిన్నులు పళ్లతో పట్టుకుని, చీరలు మడిచే లావాటి వేళ్లతో ఆమె జుట్టు చుట్టాడు. చుట్టి, ఒకడుగు వెనక్కి వేసి చూసుకున్నాడు.

"మంచిగున్నదా?"

ఆమె అద్దంలో చూసుకుంది. కొప్పు ఎడమ చెవి మీదికి జారి ఉంది. ఒక పిన్ను మాడుకు గుచ్చుకుంటోంది.

"లేదు," అంది.

రాజన్న ఉలిక్కిపడి గల్లా వైపు చూశాడు. గోడ మీద దండ వేసిన అమ్మ లక్ష్మీబాయి ఫోటో వైపు కూడా చూశాడు. తర్వాత పిన్నులన్నీ ఒక్కొక్కటే తీసి, మళ్లీ మొదటి నుంచి చుట్టడం మొదలుపెట్టాడు.