దూది కడుపులు

రహమత్ నగర్‌లో ఒక రెండంతస్తుల ఇంటి మీద, నీళ్ళ ట్యాంకు పక్కన రేకుల గదిలో, పొద్దున ఆరున్నరకల్లా భూలక్ష్మి కుట్టుమిషను మొదలవుతుంది. ఆమె కుట్టేవి జాకెట్లూ లంగాలూ కావు. కడుపులు. సినిమాలో హీరోయిన్‌కి నెల తప్పిందంటే, కృష్ణానగర్ కాస్ట్యూమ్ షాపు శ్రీకృష్ణ మాస్టారు ముందుగా ఫోన్ చేసేది ఈమెకే. "ఐదో నెలది ఒకటి, తొమ్మిదో నెలది ఒకటి, ఎల్లుండికి కావాలమ్మా" అంటాడు, కూరగాయల బండి దగ్గర బేరం చెప్పినట్టు. మెత్తటి మల్లు గుడ్డ, బూరుగు దూది, భుజాల మీదికి రెండు పట్టీలు, వెనకాల హుక్కులు. అడుగున చిన్న సంచీ కుట్టి కిలో బియ్యం పోస్తుంది. బరువు లేకపోతే ఆ హీరోయిన్లకి నడుం మీద చెయ్యి వేసుకోవాలని తోచదు మరి. తొమ్మిదో నెల కడుపుతో మెట్లెక్కుతూ గెంతుతారు.

ఇంకో సంగతి చెప్పాలి. భూలక్ష్మి కుట్టిన కడుపు తన్నుతుంది. ఆఖరి కుట్టు వేసి దారం కొరకగానే లోపలి దూది ఒకసారి అటు నుంచి ఇటు పొర్లుతుంది. ఆ తర్వాత చిన్న మడమతో పొడిచినట్టు ఒక పోటు. కొత్త హీరోయిన్లు మొదటిరోజు "అమ్మో" అంటారు, రెండోరోజుకి అలవాటు పడి ఫోన్ చూసుకుంటారు. ప్యాకప్ అయ్యాక వాటిని పెట్టెలో వేసేవాళ్ళు కాస్త నిదానంగా వేస్తారు, అంతే. అంతకు మించి ఆలోచించే తీరిక ఫిల్మ్‌నగర్‌లో ఎవరికుంటుంది చెప్పండి, కాల్షీటు అయిపోతుంటే!

ఇది మొదలై ఇరవై రెండేళ్ళు. ఆ ఏడు భూలక్ష్మికి ఐదో నెలలో కడుపు పోయింది. ఆడపిల్ల అని ఆస్పత్రి ఆయా చెప్పింది. మొగుడు కమలాకర్ జనరేటర్ వ్యాను మీద పనిచేస్తాడు. ఆ రోజు రాజమండ్రిలో అవుట్‌డోర్ షూటింగ్‌లో ఉన్నాడు. పదకొండో రోజున కాజాల పొట్లం పట్టుకుని వచ్చాడు. పొట్లం గూట్లో పెట్టి, స్నానం చేసి, అన్నం తిని పడుకున్నాడు. ఆ బిడ్డ గురించి ఒక్క మాట అడగలేదు. ఆ రోజూ లేదు, ఆ తర్వాతా లేదు. చెడ్డవాడా అంటే కాదు పాపం. తాగడు, చెయ్యెత్తడు, జీతం తెచ్చి చేతిలో పెడతాడు. ఆ ఒక్క మాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం లేచి బయటికి వెళ్ళిపోతాడు. మళ్ళీ కడుపు రాలేదు. భూలక్ష్మి దూదివి కుట్టుకుంటూ పోయింది. ప్రతి ఒక్కదాన్నీ అప్పగించే ముందు ఒక అరగంట ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. అది తన్నేది. ఆమె బతుకు అట్లా నడిచింది.

యాభై ఒకటో ఏట ఆ నడక ఆగింది. ముట్టు ఆగిపోయి ఏడాదిన్నర. అరికాళ్ళ నుంచి మాడు దాకా మంట లేచేది. రోజుకి పదిసార్లు, పదిహేనుసార్లు. చెమట ధారగా కారి కుడుతున్న గుడ్డ మీద పడేది. పడుకుంటే నిద్ర రాదు, లేస్తే కీళ్ళు పట్టేసేవి. సూది పట్టుకున్న వేలు జారేది. దూది కడుపు మీద కుదిరేలా ఒక పెద్ద హీరోయిన్ శ్రీమంతం చీరకి కుచ్చిళ్ళు కుడుతూ చీర మొత్తం మరకలు చేసింది. శ్రీకృష్ణ మాస్టారు అరవలేదు. "నీ చేతులకి ఏమైందమ్మా భూలక్ష్మీ?" అని మాత్రం అడిగాడు. అరిచినా బాగుండేది. ఆ నెలలో రావాల్సిన రెండు కడుపులు ఇంకెవరికో వెళ్ళాయి.

కింద వాటాలో ఉండే హెయిర్ డ్రెస్సర్ అరుణజ్యోతి రెక్క పట్టుకుని వెంగళరావు నగర్‌లో డాక్టర్ శారదాదేవి దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ రక్తం చూసింది, బీపీ చూసింది, రొమ్ములకి ఫోటో తీయించింది, స్కానింగ్ రాసింది. అన్నీ చూశాక ఒక జెల్, ఒక క్యాప్సూల్ ఇచ్చింది.

"ఒంట్లో తగ్గిన హార్మోన్‌ని బయటి నుంచి కొంచెం ఇస్తున్నామమ్మా. జెల్ పొద్దున తొడకి రాసుకోండి. క్యాప్సూల్ పడుకునే ముందు. మొదటి రెండు మూడు నెలలు ఇబ్బందులుంటాయి. వికారం, తలనొప్పి, రొమ్ములు సలపడం, పొట్ట ఉబ్బరం, మధ్యలో కాస్త రక్తం కనపడటం. చాలావరకు సర్దుకుంటాయి. రక్తం ఎక్కువైనా, కాలు వాచి నొప్పి పుట్టినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఆగకుండా వచ్చెయ్యాలి. మీ అంతట మీరు మానెయ్యొద్దు. సరేనా?"

"మరి చేతులు ఆరుతయా మేడమ్?" అన్నది భూలక్ష్మి. ఆమెకి కావాల్సింది అదొక్కటే.

"ఆరతాయి."

డాక్టరమ్మ చెప్పినవి ఒక్కటీ తప్పలేదు, వరసబెట్టి వచ్చాయి. మొదటి వారం పోపు వాసనకే కడుపులో తిప్పింది. రెండోవారం రొమ్ములు బరువెక్కి, యూసుఫ్‌గూడ రోడ్డు మీద ఆటో గుంతలో పడితే ప్రాణం పోయినట్టయ్యేది. చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చునేది. పొట్ట ఉబ్బి లంగా బొందు లూజు చేసుకుంది. తలనొప్పి. కారణం లేని ఏడుపు. ఇస్త్రీ బట్టలు మడత పెడుతూ ఏడ్చేది, చిక్కుడుకాయలు తుంచుతూ ఏడ్చేది. జాకెట్లన్నీ కుట్లు విప్పి వదులు చేసుకుంది. పోపు మానేసి చారు మీద బతికింది. క్యాప్సూల్‌తో పాటు రెండు బిస్కెట్లు తింటే కాస్త నయమని కనిపెట్టింది.

కాని ఆమెని నిజంగా కుంగదీసింది ఇవి కావు. ఈ వికారం, ఈ సలపరం, ఈ ఉబ్బరం తనకి తెలుసు. ఇరవై రెండేళ్ళ కింద ఇవే. ఒంటికి వయసు లెక్క తెలియదు కాబోలు, పాత సంగతంతా మళ్ళీ మొదట్నుంచి చెప్పడం మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే దూది కడుపు తన్నడం మానేసింది.

ఐదో నెలది కుట్టింది. దారం కొరికింది. ఒళ్ళో పెట్టుకుంది. అరగంట, గంట. ఏమీ లేదు. చేత్తో తట్టింది, పక్కకి తిప్పి పడుకోబెట్టింది. దిండులాగా పడి ఉంది.

"ఇదేంటమ్మా, పలకట్లేదు?" అన్నాడు శ్రీకృష్ణ మాస్టారు, అరచెయ్యి దాని మీద పెట్టి. "పదిరోజుల్లో శ్రీమంతం సీను. ఆ తన్నే షాటు కోసమే కదా నీ దగ్గర చేయించేది."

"మందు వాడుతున్న సార్. దాంతోనే అయ్యుంటది."

"మరి మందు ఆపితే?"

ఆపితే మంట, చెమట, మరకలు. వాడితే ఈ వికారం, ఈ దిండు. చేతులు పోతే తిండి పోతుంది. ఆ తన్నడం పోతే పిల్ల పోతుంది. ఏది వదులుకోవాలో చెప్పమంటే ఏ ఆడది చెప్తుంది?

మూడు రోజుల తర్వాత కృష్ణానగర్ సందులో, పూసలూ చెమ్కీ కొంటూ నిలబడి ఉండగా, లోపల తన్నింది. దూదిలో కాదు, తన పొట్టలోనే. బొడ్డుకి ఎడమపక్క. ఆమె చేతిలో పూసల పొట్లం జారి నేలంతా చెల్లాచెదురైంది. షాపతను గొణుక్కుంటూ ఏరుతుంటే ఆమె నవ్వింది. ఎన్నేళ్ళకి నవ్విందో. వికారం ఇక వికారమనిపించలేదు. రొమ్ములు సలుపుతుంటే సలపనీ అనుకుంది. ఎనిమిది రోజులు అట్లా మోసింది. ఎవరికీ చెప్పలేదు. ఎడమపక్కకి తిరిగి పడుకుంది, బరువులెత్తలేదు, రెండు పూటలా పాలు తాగింది. యాభై ఒక్క ఏళ్ళ మనిషికి ఇది తగునా అంటారేమో. అనండి. ఆమెకి తగింది.

తొమ్మిదోరోజు పొద్దున రక్తం కనపడింది.

బాత్రూమ్ గడప మీద కూర్చుండిపోయింది. ఎక్కువ రక్తమేం కాదు, నొప్పి కూడా లేదు. లోపల కదలిక మాత్రం లేదు. మధ్యాహ్నం దాకా పొట్ట మీద చెయ్యి పెట్టి చూసింది. లేదు.

కమలాకర్ వచ్చేసరికి ఆమె గోడకి ఆనుకుని ఉంది. "ఏందే, గోలీలు వేసుకుంటలేవా?" అన్నాడు.

"పోయింది. మళ్ళ పోయింది."

"ఏది?"

"ఏదని అడుగుతున్నవా? నువ్వు గిట్లాంటి మనిషివి నాకెందుకు దొరికినవయ్యా!" అని తల కొట్టుకుని ఏడ్చింది. ఆయన చెప్పులేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

జెల్ డబ్బా సజ్జ మీదికి విసిరేసింది. మందు పోతే అది తిరిగి వస్తుందని ఆశ. వారం చూసింది. మంటలు మాత్రం లేచాయి. చెమటలో తడుస్తూ ఒక కడుపు కుట్టి ఒళ్ళో పెట్టుకుంది. దూది తడిసింది గాని కదల్లేదు. తన పొట్టా కదల్లేదు. రెండింటికీ చెడింది. అప్పుడు డాక్టరమ్మ దగ్గరికి ఒక్కతే వెళ్ళి, దాచుకోకుండా అంతా చెప్పింది, దూది తన్నడం దగ్గర నుంచి.

డాక్టరమ్మ కాగితం మీద రాసుకుంది. స్కానింగ్ మళ్ళీ చేసింది. "లోపల అంతా బాగానే ఉందమ్మా. మొదటి నెలల్లో ఇలా కనపడటం మామూలే. జెల్ తగ్గిద్దాం, రోజుకి సగం రాసుకోండి. క్యాప్సూల్ మాత్రం మానొద్దు, అది గర్భసంచికి కాపలా. వికారం కూడా తగ్గుతుంది."

"తన్నుడు, మేడమ్?"

డాక్టరమ్మ కలం మూసింది. "అది ఎక్కడికి పోతుందో నేను చెప్పలేను. అబద్ధం చెప్పను మీకు. మందు వాడాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఒళ్ళు మీది."

భూలక్ష్మి ఇంటికొచ్చి, స్టూలెక్కి సజ్జ మీది డబ్బా దింపి, సగం జెల్ కొలిచి తొడకి రాసుకుంది. అది వస్తుందన్న ఆశ వదులుకున్న మనిషికి ఇంక చేతులన్నా ఆరాలి కదా. రాసుకుంటున్నంతసేపూ, "పో బిడ్డా, నా తోని కాదు" అంటూ ఏడ్చింది.

నెల గడిచింది. వికారం పోయింది. తలనొప్పి పోయింది. రొమ్ములు తేలికయ్యాయి. మంటలు రోజుకొకటి, ఒక్కోరోజు అదీ లేదు. పడుకుంటే తెల్లారే దాకా నిద్ర. చేతులు పొడిగా, పాతికేళ్ళప్పటిలా పనిచేస్తున్నాయి. శ్రీమంతం షాటు ఒక గొట్టం, గాలి బుడ్డ పెట్టి తీసేశారట, బాగానే వచ్చిందని మాస్టారు చెప్పాడు. ఇంక ఎవరు కుట్టిన కడుపైనా ఒకటే కాబట్టి ఈమెకి జాకెట్లు ఇవ్వడం మొదలుపెట్టాడు. అరుణజ్యోతి, "మొహంలో కళ వచ్చిందక్కా" అంది. భూలక్ష్మి అద్దంలో చూసుకుంది. ఒళ్ళు బాగైంది, నిజమే. ఆ బాగైన ఒంటిని ఏం చేసుకోవాలో మాత్రం ఆమెకి తోచలేదు. చస్తే ఏమవుతుంది అని రెండుసార్లు అనుకుంది, మిషను ఆపకుండానే.

ఆ రోజు మంగళవారం. కమలాకర్ మారేడుమిల్లి అవుట్‌డోర్‌కి బయలుదేరుతున్నాడు. బ్యాగు సర్దుకున్నాడు, టీ గ్లాసు పట్టుకుని గడపలో నిలబడ్డాడు. పదిరోజుల నుంచి సరిగా తినడం లేదు, సోడాలు తాగుతున్నాడు. ఆమె చూసింది గాని అడగలేదు. అడిగే ఓపిక అయిపోయి చాలా రోజులైంది.

గ్లాసు చేతిలోంచి జారి పగిలింది. ఆయన బొడ్డు పక్కన చెయ్యి అదిమి పట్టుకున్నాడు.

"గ్యాసు కాదే ఇది," అన్నాడు. మొహం పాలిపోయింది. "పది దినాలాయె. లోపట ఏందో తన్నుతున్నది."

భూలక్ష్మి మిషను మీద నుంచి లేచింది. ఆయన చెయ్యి తీసి తన చెయ్యి పెట్టింది. ఆ మడమ ఆమెకి కొత్తదేం కాదు. అరచేతిలో ఒక్కసారి పొడిచి, పొర్లి, సర్దుకుంది.

"గదే," అన్నది. "పోయిందనుకున్న. నీ దగ్గరికి వచ్చింది."

ఆయనకి విడమర్చి చెప్పనక్కర్లేకపోయింది. గోడ పట్టుకుని నిలబడి, చిన్నపిల్లాడిలా నోరు తెరిచి ఏడ్చాడు. "నేను రావాల్సింది. ఫోన్ వచ్చిన దినమే తెల్సింది నాకు. మేనేజర్ పో అన్నడు. నేనే రాలె. వస్తే చూడాల్సి వస్తదని భయపడ్డ. లక్ష్మీ, గిన్నేండ్లు నువ్వొక్కదానివే మోసినవా దీన్ని?"

ఆమె ఏడుపు దాదాపు అయిపోయింది. ఆయనది ఇప్పుడు మొదలైంది. దానికి ఎన్నేళ్ళు పడుతుందో ఆమెకి తెలుసు, అదే ఆమె గుండె కోసేసింది.

జేబులో ఫోన్ మోగింది. కింద వ్యాను వాళ్ళు. ఆయన కళ్ళు తుడుచుకోకుండానే ఎత్తి, "నేను వస్తలేను. ఇంకెవర్నన్న తీస్కపొండ్రి," అని పెట్టేశాడు. ముప్పై ఏళ్ళలో ఆయన వదులుకున్న మొదటి అవుట్‌డోర్ అది. బ్యాగు కాలితో పక్కకి నెట్టాడు.

"పేరేమన్న అనుకున్నవా అప్పుడు?" అని అడిగాడు.

ఈ మాట ఎవరూ అడగలేదు. కన్నతల్లి అడగలేదు, ఆయా అడగలేదు.

"మనోజ."

కమలాకర్ తల వంచి, పొట్టకేసి చూస్తూ, "మనోజా," అని పిలిచాడు. చొక్కా కదిలింది. ఇరవై రెండేళ్ళుగా తన్నుతున్న పిల్లని పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

భూలక్ష్మి గాజుముక్కలు కాలితో పక్కకి జరిపి, మిషను ముందున్న కుర్చీ లాగి ఆయన వెనకాల వేసింది.

"నిలబడకు," అన్నది. "కూసో."