నీళ్ళు ఇడ్సినావా?

"బయల్దేరినాం. నీళ్ళు ఇడువు."

అంతే, ఫోన్ పెట్టేశాడు మా ఆయన ఇంతియాజ్. ఎవరు వస్తున్నారో, ఎంతమందో, టీ పెట్టాలో షర్బత్ కలపాలో ఏమీ చెప్పడు. నేను అప్పుడే టీ గ్లాసు పట్టుకుని వంటింటి గడప మీద కూర్చున్నాను. పొద్దున లేచాక కూర్చోవడం అదే మొదలు. గ్లాసు పక్కన పెట్టి లేవాలి. లేచి కింది బాత్‌రూమ్‌లోకి పోయి, కుళాయి కింద బకెట్ పెట్టి నీళ్ళు వదలాలి. లేవాలి అనుకుంటూనే ఇంకొక్క క్షణం కూర్చున్నాను.

మా ఆయనకు నంద్యాలలో బాత్‌రూమ్ సామాన్ల షాపుంది. కుళాయిలు, సింకులు, షవర్లు, సోలార్ హీటర్లు. ఈ మధ్య వాటన్నిటికంటే బాగా పోతున్నది ఒక చిన్న పంపు. మిద్దె మీద సోలార్ పెట్టించుకున్న ప్రతి ఇంట్లోనూ ఒకటే బాధ. పైన నీళ్ళు కాగుతూనే ఉంటాయి, కింద కుళాయి తిప్పితే మాత్రం చన్నీళ్ళే వస్తాయి. రాత్రంతా పైపులో నిలిచి చల్లారిపోయిన నీళ్ళన్నీ పోతేగానీ వేడివి దిగవు. ఈ పంపును అన్నిటికంటే దూరంగా ఉన్న బేసిన్ కింద బిగిస్తారు. బటన్ నొక్కితే అది ఆ చన్నీళ్ళను పారబోయకుండా వెనక్కి ట్యాంకులోకి పంపేసి, వేడి నీళ్ళను కుళాయి దాకా లాక్కొస్తుంది. ఆ తర్వాత తిప్పితే మొదటి చుక్క నుంచే వేడి. మంచి వస్తువు, కాదనను.

అయితే జనం చెప్తే నమ్మరు, చూస్తే నమ్ముతారు. అందుకని షాపుకొచ్చిన వాళ్ళను కారెక్కించుకుని నేరుగా మా ఇంటికి తీసుకొస్తాడు. "మన ఇంట్లో పెట్టుకున్నదే మీకు చూపిస్తాండానన్నా, బయటిది గాదు" అంటాడు. వాళ్ళు బటన్ నొక్కుతారు, కుళాయి తిప్పుతారు, పొగలు కక్కుతూ నీళ్ళొస్తాయి. "అబ్బ, భలే ఉందప్పా!" అని ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. ఈయన మీసం కిందే నవ్వుకుంటూ "అంతా ఆటోమేటిక్కన్నా" అంటాడు. వంటింట్లో టీ కాస్తూ ఆ మాట నేను ఎన్నిసార్లు విన్నానో. ఇందులో ఉన్న తిరకాసల్లా ఒక్కటే. మా ఇంట్లో పంపు లేదు.

ఉండేది. పోయిన చలికాలంలో పెట్టాడు. మొదటి రోజు పొద్దున బటన్ నొక్కి, జడ ముడి వేసుకుని, వంటింట్లో కుళాయి తిప్పితే వేళ్ళ మీద వేడి నీళ్ళు పడ్డాయి. నాకు నవ్వొచ్చింది. ఒక్కదాన్నే నిలబడి నవ్వుకున్నాను. గిన్నెలు తోమడం కూడా సుఖంగా ఉంటుందని పెళ్ళయిన ఇన్నేళ్ళకు తెలిసింది. ఆ సుఖం చలికాలం సగం దాకా కూడా నిలవలేదు. ఆళ్ళగడ్డలో ఒకాయన కొత్త ఇల్లు కట్టి, గృహప్రవేశానికి చుట్టాలు దిగేలోపల పంపు బిగించాల్సిందేనని పట్టుబట్టాడు. షాపులో స్టాక్ లేదు. ఈయన స్పానర్ పట్టుకుని ఇంటికొచ్చి, బేసిన్ కింద దూరి, మా పంపు ఊడదీసుకుని పోయాడు. "వారంలో ఇంకోటి తెచ్చి పెడ్తాలే" అన్నాడు. పైన కప్పే ప్లాస్టిక్ పెట్టె, గోడ మీద బటన్ అట్లాగే ఉంచాడు. ఇప్పటికీ నొక్కితే ఎర్రలైటు వెలుగుతుంది.

ఆళ్ళగడ్డ మా పుట్టింటి ఊరు. అమ్మను చూడ్డానికి పోయినప్పుడల్లా బస్సులోంచి ఆ ఇల్లు కనపడుతుంది. గులాబీ రంగు గోడలు, ముందర స్టీలు గేటు. నా పంపు ఆ ఇంట్లో ఉంది. ఎవరో నా వయసు ఆడమనిషి ఆ బటన్ నొక్కి, వేడి నీళ్ళతో తన గిన్నెలు తోముకుంటూ ఉంటుంది. ఆమె మీద నాకు కోపం లేదు. కుళ్ళు మాత్రం ఉంది.

ఆ తర్వాత ఎన్నోసార్లు అడిగాను. మొదట "స్టాక్ రానీ" అన్నాడు. స్టాక్ వచ్చింది. "పండగ పోనీ" అన్నాడు. పండగా పోయింది. "అమ్ముడుపోయే సరుకు తెచ్చి ఇంట్లో పెట్టుకుంటే యాపారం జేసినట్లే" అన్నాడు ఒకసారి. ఇంకోసారి బాగా విసుగు మీదున్నాడేమో, "నీకేం తొందర? యాడికన్నా ఆఫీసుకు పోవల్నా? ఇంట్లో ఖాళీగా ఉండేదానివే గదా, కుళాయి తిప్పి ఆడ నిలబడు, అవే వస్తాయి" అన్నాడు. ఆ మాటకు అత్త ఫాతిమా కూడా తలాడించింది. "మా కాలంలో కట్టెలు కొట్టుకొచ్చి, హండా కింద మంట బెట్టి, పొగలో కండ్లు మండతా నీళ్ళు కాస్తాంటిమి. ఇప్పుడు కుళాయి తిప్పేదానికి గూడా కష్టమే మీకు" అంది. అత్త పడ్డ కష్టం నిజమే. అది నిజమైనంత మాత్రాన నాది అబద్ధం ఎట్లా అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆమె తన పొగను మర్చిపోలేదు, కానీ నా చన్నీళ్ళు ఆమె కంటికి ఆనవు.

ఇంట్లో అందరికంటే ముందు లేచేది నేను. అత్త తెల్లవారుజామున ఫజర్ నమాజుకు ముందు చేతులూ మొహమూ కాళ్ళూ కడుక్కుని వజూ చేసుకోవాలి, ముసలి ప్రాణం, చన్నీళ్ళు తగిలితే వణుకుతుంది. కాబట్టి ఆమె లేచేలోపల పైపులో చల్లదనమంతా నేను దించి ఉంచాలి. నీళ్ళు ఊరికే పారబోయడానికి లేదు, మునిసిపాలిటీ కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది. బకెట్లలో పట్టి, పెరట్లోకి మోసి, వాటితోనే బట్టలు నానేసి, గిన్నెలు తోమి, వాకిలి కడుగుతాను. ఇంటిల్లిపాదికీ వేడి నీళ్ళు, వాటి కోసం దించిన చన్నీళ్ళన్నీ నాకు. అత్త వజూ చేసుకుని "సల్లగుండు తల్లీ" అని దీవిస్తుంది. ఆ దీవెన ఊరికే పోలేదు, మోచేతుల దాకా చల్లగానే ఉంటాను. ఆమె మంచి మనసుతోనే అంటుంది. నాకే నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి.

రెండు నెలలుగా వేళ్ళ కణుపులు వాస్తున్నాయి. పొద్దున పిడికిలి బిగుసుకోదు. రొట్టెల పిండి పిసుకుతుంటే ప్రాణం పోతుంది. ఆస్పత్రికి పోతే డాక్టరమ్మ చేతులు వంచి చూసి, "కీళ్ళవాతం మొదలవుతోంది. చన్నీళ్ళలో చేతులు పెట్టొద్దమ్మా, ఇప్పుడే జాగ్రత్త పడకపోతే వేళ్ళు వంకర పోతాయి" అంది. పక్కనే కూర్చున్న మా ఆయన నవ్వి, "అట్లయితే మా ఇంట్లో గిన్నెలు మీరొచ్చి తోముతారా డాక్టరమ్మా?" అన్నాడు. ఆమె నవ్వలేదు. నేను మాత్రం నవ్వాను. ఎందుకు నవ్వానో తెలియదు. ఆయన జోక్ వేస్తే నవ్వడం కూడా నా పనుల్లో ఒకటనుకుంటాను. ఇంటికొచ్చే దారిలో షాపు ముందు కారు ఆపి లోపలికి పోయాడు. గాజు తలుపులోంచి పంపులు కనపడుతున్నాయి, అట్టపెట్టెల్లో ఒకదాని మీద ఒకటి పేర్చి. చేతిలో ఒకటి పట్టుకొస్తాడేమోనని, సిగ్గు లేకుండా, చూస్తూ కూర్చున్నాను. ఫోన్ ఛార్జర్ తెచ్చుకున్నాడు.

ఇంట ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారు. మా ఇంట్లో ఆ పల్లకీ మోసేది కూడా నేనే. పొద్దున దించిన వేడి అప్పటికి పైపులో మళ్ళీ చల్లారిపోయి ఉంటుంది, అందుకని ఆయన ఫోన్ రాగానే కింది బాత్‌రూమ్‌లో బకెట్ మీద బకెట్ పట్టాలి. వేడి దిగిందో లేదో తెలియాలంటే ధార కింద చెయ్యి పెట్టే ఉండాలి. దిగాక కుళాయి కట్టేసి, బకెట్లు పెరట్లోకి మోసి, బాత్‌రూమ్ నేల పొడి గుడ్డతో తుడవాలి. తడి కనపడకూడదు, బకెట్ కనపడకూడదు, నేను కనపడకూడదు. ఒకసారి నేల మీద కాస్త తడి మిగిలిందని వచ్చినవాళ్ళు పోయాక ఎంత గొడవ చేశాడో. "ఇంత చిన్న పని గూడా సరిగ్గా చేయలేవే నువ్వు?" అన్నాడు. ఇంత పెద్ద అబద్ధాన్ని ఇంత కాలంగా మోస్తున్నాను, అది చిన్న పనట.

ఈ రోజు పొద్దున మరీ బాగాలేదు. కుడిచేతి వేళ్ళు బజ్జీ మిరపకాయల్లా ఉబ్బాయి. టీ గ్లాసు వెచ్చగా ఉంటే రెండు చేతులతో పట్టుకున్నాను, ఆ వెచ్చదనం కణుపుల్లోకి దిగుతుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అప్పుడే ఆ ఫోన్. చివరికి లేచాను. బాత్‌రూమ్‌లోకి పోయాను. బకెట్ పెట్టాను. కుళాయి మీద చెయ్యి వేశాను. తిప్పలేక కాదు, నొప్పి ఉన్నా తిప్పగలను, రోజూ తిప్పుతూనే ఉన్నాను. కానీ ఆ చన్నీళ్ళ ధార తలుచుకుంటే నా చెయ్యి నాకే పాపమనిపించింది. పక్కింటి పిల్ల చెయ్యి ఇట్లా వాచి ఉంటే దాన్ని నీళ్ళలో పెట్టమంటానా? అననుగదా. కుళాయి వదిలేశాను. బకెట్ తీసి బోర్లించాను. వెనక్కి వచ్చి, గడప మీద కూర్చుని, టీ చల్లారకముందే చివరి దాకా తాగాను.

కారు వచ్చి ఆగింది. దిగింది ఇద్దరు. ఎస్తేరు గారని, ఆళ్ళగడ్డలో నర్సుగా చేసి రిటైరయిన ఆమె, ఆమె భర్త రాజరత్నం. కొత్త ఇల్లు కట్టుకుంటున్నారట. మా ఆయన నన్ను చూపించి "మా ఇంటామె. ఇంట్లోనే ఉంటాది" అని, రాజరత్నం గారి వైపు తిరిగి పంపు సంగతి మొదలుపెట్టాడు. ఆ పెద్దాయన చేతులు అడ్డంగా ఊపాడు. "నాకేం జెప్తావ్ లేప్పా. నీళ్ళతో పని ఆమెది, ఆమెకు జెప్పు" అన్నాడు. ఎస్తేరు గారు అప్పటికే చీర కొంగు నడుముకు దోపుకుని బాత్‌రూమ్‌లోకి పోయింది. నేను టీకి పాలు పెట్టలేదు. గోడకు ఆనుకుని అట్లాగే నిలబడ్డాను.

"నొక్కండక్కా బటన్. ఎర్రలైటొచ్చిందా? ఒక్క నిమిషం. ఆఁ, ఇప్పుడు తిప్పండి" అంటున్నాడు ఆయన.

నీళ్ళ చప్పుడు వినపడింది.

"సల్లగుండాయే" అంది ఎస్తేరు గారు.

"వస్తాయక్కా, వస్తాయి. ఇంగోసారి నొక్కండి."

మళ్ళీ నీళ్ళ చప్పుడు. "ఏం వస్తాయప్పా, ఐసు నీళ్ళున్నట్లుండాయి."

అప్పుడు అరిచాడు ఆయన. ఎప్పటి మాదిరిగానే, ఇల్లంతా వినపడేలా. "ఏమే హుమేరా! ఏం చేస్తాండావ్ ఆడ? ఫోన్ చేసి చెప్తి గదా! నీళ్ళు ఇడ్సినావా ల్యాదా?"

అరిచాక గానీ ఆయనకు తెలియలేదు ఏం అన్నాడో. కరెంటు పోయిందనొచ్చు, సోలార్‌లో నీళ్ళు అయిపోయాయనొచ్చు, వ్యాపారం చేసే మనిషికి వంద మాటలుంటాయి. కానీ ఏది చెడినా ముందు నా మీద అరవడం ఆయనకెంత అలవాటంటే, అబద్ధం నోటికి అందేలోపల నా పేరు వచ్చేసింది. నేను బాత్‌రూమ్ తలుపు దగ్గరికి పోయాను. కుళాయి ఇంకా పారుతూనే ఉంది. ఎస్తేరు గారు తడి చెయ్యి గాల్లో అట్లాగే పెట్టుకుని ఆయన వంక చూస్తోంది.

"ఆయమ్మ నీళ్ళు ఇడిసేదేందప్పా? బటన్ నొక్కితే సాలంటివే కార్లో?"

"అది గాదక్కా, ఈ పొద్దు కరెంటు ఏందో లోవోల్టేజీ..."

"నువ్వుండప్పా." ఆమె నా వైపు తిరిగింది. నా మొహం చూసింది, తర్వాత నా చేతులు చూసింది. నర్సు కళ్ళు గదా, అక్కడ కాసేపు ఆగాయి. "నువ్వు జెప్పు పాపా. ఈ పంపు మంచిదేనా? నువ్వు వాడుతాండావు గదా."

ఎంతమంది వచ్చిపోయారో ఈ ఇంటికి, పంపు ఎట్లా ఉందని నన్ను అడిగిన వాళ్ళు ఒక్కరూ లేరు. ఆమె వెనక నుంచి మా ఆయన నాకు కళ్ళతో చెప్తున్నాడు. అందులో బెదిరింపు ఉంది, దాని కింద బతిమాలడం కూడా ఉంది. ఒక్క మాట అంటే చాలు, బేరం నిలుస్తుంది, ఆయన పరువు నిలుస్తుంది, సాయంత్రం ఇంట్లో గొడవ ఉండదు. రేపు పొద్దున మళ్ళీ నేను చీకట్లో లేచి ఆ కుళాయి తిప్పుతాను. ఈ చేతులతోనే. నాకు కోపం కూడా రాలేదు. అలిసిపోయాను, అంతే. అబద్ధం చెప్పడానికి కూడా ఒంట్లో కాస్త ఓపిక ఉండాలి.

"చానా మంచి పంపక్కా" అన్నాను. "నేను వాడినా, నాకు తెల్సు. వట్టి బటన్ నొక్కితే చాలు, వేడి నీళ్ళు కుళాయి కాడికే వస్తాయి. మీ ఇంట్లో తప్పకుండా పెట్టించుకోండి."

మా ఆయన ఊపిరి వదలడం వినపడింది.

"మా ఇంట్లో లేదక్కా" అన్నాను. "ఇన్ని దినాలు నీళ్ళు నేనే ఇడుస్తాంటి. ఈ పొద్దు నుంచి ఇడవను."