బొటనవేలి గోరంత రిసీవరు

మా అక్క లెక్కల టీచరు. నేను చేసిన ఏ పనికీ ఇంతవరకూ నూటికి నూరు వెయ్యలేదు. అలాంటి మనిషి, ఎనిమిది నెలలు కూర్చుని పల్చటి చెక్కలు కోసి, అతికించి కట్టుకున్న రిమోట్ విమానానికి రిసీవరు, అంటే రిమోట్ సిగ్నల్ అందుకునే పరికరం, ఎంచే పని నాకు అప్పగించింది. "మోటార్ల సంగతీ, ఎగరేసే సంగతీ నీకే తెలుసు కదరా" అంది. ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

షాపతను రెండు ముందు పెట్టాడు. ఒకటి అగ్గిపెట్టెంత, దానికి రెండు పొడుగాటి యాంటెన్నాలు. రెండోది బొటనవేలి గోరంత.

"చిన్నది హాల్లో ఎగరేసే బుల్లి విమానాలకండి. మైదానంలో సిగ్నల్ అందదు" అన్నాడు.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అనుకున్నాను. బరువు తగ్గితే విమానం తేలిగ్గా లేస్తుందని నా లెక్క. చిన్నదే తెచ్చి, బల్ల మీద రిమోట్‌తో జత చేసి, విమానంలో బిగించేశాను.

ఆదివారం పొద్దున మైదానంలో అక్క తన నియమం బయటపెట్టింది. ఎగరేసే ముందు రిమోట్ బలం తగ్గించి, ఒకరు దాన్ని పట్టుకుని, తోక మీట ఆడిస్తూ ముప్పై అంగలు దూరం వెళ్ళాలి. విమానం పట్టుకున్నవాళ్ళు తోక కదిలినప్పుడల్లా "ఆ" అనాలి.

"అక్కర్లేదక్కా, బల్ల మీద చూశాను."

"బల్ల ఎగరదురా."

బావ మోకాళ్ళ మీద కూర్చుని విమానం పట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళు బేకరీలో పిండి పిసికిన చేతులు, ఉడుం పట్టు. నేను నడిచాను. పదకొండు అంగల దాకా "ఆ" వినిపించింది. పన్నెండో అంగకి మోటారు గుర్రుమంది. రిమోట్‌లో మోటారు మీట కిందికే, అంటే ఆపేసే ఉంది, అయినా విమానం బావని గడ్డిలో రెండు గజాలు ఈడ్చుకెళ్ళింది.

"ఏమండీ, వదలకండి" అంది అక్క.

"ఇది వదిలితే నన్ను నువ్వు వదిలేస్తావు" అన్నాడు బావ.

నేను దగ్గరికి పరిగెత్తేసరికి సిగ్నల్ మళ్ళీ అందడంతో మోటారు ఆగింది. నాకు అప్పుడు వెలిగింది. జత చేసేటప్పుడు మీట ఎక్కడుంటే రిసీవరు అదే గుర్తుపెట్టుకుని, సిగ్నల్ తెగినప్పుడు అదే చేస్తుంది. నేనేమో కుట్టుమిషన్లు బాగుచేసేవాణ్ణి, ఏ మోటారునైనా ఫుల్లులో పెట్టందే చెయ్యి ఊరుకోదు.

"జత చేసేటప్పుడు మీట ఎక్కడుంది?" అంది అక్క.

"పైకే ఉంది. రిసీవరు కూడా తప్పుదే తెచ్చాను. షాపతను చెప్పాడు, నేనే వినలేదు." సిగ్గుతో చచ్చిపోయాను. గాల్లో ఉండగా ఇదే జరిగితే ఆ ఎనిమిది నెలల పని ఏ ఊరి అవతలో పడేది. అక్క తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మర్నాడు పెద్ద రిసీవరు తెచ్చి, మీట పూర్తిగా కిందికి పెట్టి జత చేశాను. పై ఆదివారం ముప్పై అంగలకీ "ఆ" వినిపించింది. నేను రిమోట్ అక్క చేతికివ్వబోతే తీసుకోలేదు.

"నా క్లాసులో లెక్క తప్పినవాడే మళ్ళీ బోర్డు దగ్గరికొస్తాడు. ఎగరెయ్."

విమానం గడ్డి వదిలి, చెట్ల మీదుగా మెల్లగా తిరిగింది. బావ ఈల వేశాడు. అక్క నా పక్కనే నిలబడి నా వేళ్ళకేసే చూస్తోంది. "ఊఁ, బానే ఉంది" అంది. నా కళ్ళు తడిసిపోయాయి, తుడుచుకుందామంటే రెండు చేతులకీ పని ఉంది.